నాలుగో కోట

మూడో నంబరు సిస్టం ఎప్పుడూ బద్ధకంగానే లేచేది. స్విచ్చి వేశాక లోపల ఫ్యాను గరగరలాడి, ఆగి, మళ్ళీ గరగరలాడి, అప్పుడు గానీ తెర మీద నీలం రంగు పరుచుకునేది కాదు. ఈలోగా రాచెల్ మిగతా పనులన్నీ చేసుకునేది. షట్టరు ముందు బకెట్టుతో నీళ్ళు చల్లి రోడ్డు దుమ్ము అణిచేది. కీబోర్డుల్ని ఒక్కొక్కటే బోర్లించి, పసిపిల్లల వీపు తట్టినట్టు తట్టి, రాలిన బిస్కెట్ పొడినీ చచ్చిన చీమల్నీ ఊడ్చేది. జెరాక్సు మిషను మీది పాత దుప్పటి తీసి మడతపెట్టేది.

ఆ రోజు కూడా అన్నీ చేసింది. నిజానికి కీబోర్డులు తట్టక్కర్లేదు. మధ్యాహ్నం వ్యాను వస్తుంది. సిస్టంలన్నీ పాయకరావుపేట వెళ్ళిపోతాయి. అక్కడ కొత్తగా కంప్యూటర్ స్కూలు పెట్టుకుంటున్న ఆయనకు సెంటరు యజమాని సూర్యప్రకాష్ గారు అన్నీ కలిపి ఇచ్చేశారు. అయినా తట్టింది. మురికి వస్తువు ఒకరి చేతిలో పెట్టడం ఆమెకు అలవాటు లేదు.

నలభై దాటిన మనిషి. సన్నగా, పొడుగ్గా ఉంటుంది. ఏళ్ళ తరబడి తెర వైపు సాగి సాగి మెడ కొంచెం ముందుకు వంగిపోయింది. కుడి మణికట్టు కింద, బల్ల అంచు ఒరుసుకునే చోట, చర్మం నల్లగా కాయకాసింది. కళ్ళజోడు ఒక చెవి దగ్గర విరిగితే దారం చుట్టుకుంది. నేత చీర కొంగు నడుముకు బిగించి, జడను రబ్బరు బ్యాండుతో పైకి మడిచి కట్టుకుంటుంది. రోడ్డు మీద వెళ్ళేవాళ్ళు ఆమెను రోజూ చూస్తారు గానీ, ఎలా ఉంటుందని అడిగితే ఎవరూ చెప్పలేరు.

ఆర్టీసీ కాంప్లెక్సు దాటాక చింతపల్లి రోడ్డులో, జోగులమ్మ టీ కొట్టు పక్కన ఉండేది ఆ సెంటరు. మొదట్లో కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్. కోటవురట్ల నుంచి, రోలుగుంట నుంచి పిల్లలు బస్సెక్కి వచ్చి నేర్చుకునేవారు. తరవాత ఇంటర్నెట్ వచ్చింది. కుర్రాళ్ళు చాటింగులకీ ఆటలకీ ఎగబడ్డారు. ఇప్పుడు అందరి చేతుల్లోనూ సెల్లులే. రెండువేల ఎనిమిది వేసవి నాటికి సెంటరుకు వచ్చేవాళ్ళు జెరాక్సు కోసమో, అర్జీ టైపు చేయించుకోవడానికో వచ్చే పెద్దవాళ్ళు మాత్రమే. సూర్యప్రకాష్ గారు అక్కడే సెల్‌ఫోన్ల షాపు పెడుతున్నారు. “కౌంటర్లో చిన్నపిల్లల్ని పెట్టాలంటున్నారండి కంపెనీవాళ్ళు” అని కిందటి నెల నేల చూస్తూ చెప్పారు. రాచెల్ “అలాగేనండి” అంది.

తెర మీద నీలం రంగు వచ్చింది. ఆమె కుర్చీ లాక్కుని కూర్చుని, కోట తెరిచింది.

ఆ ఆటను ఎవరో ఇంజినీరింగ్ కుర్రాడు మూడో నంబరులో ఎక్కించి మరిచిపోయాడు. తుపాకులూ కార్లూ లేని ఆట కాబట్టి మిగతా కుర్రాళ్ళు దాని జోలికి వెళ్ళలేదు. వానకు ఎవరూ రాని ఒక మధ్యాహ్నం రాచెల్ దాన్ని నొక్కి చూసింది. ఒక కొండ, కొండ పక్కన ఏరు. గుప్పెడు మంది మనుషులు పలుగూ పారా పట్టుకుని బండి దిగి నిలబడ్డారు. ఎక్కడ తవ్వాలో చూపిస్తే తవ్వుతారు. రాయి చెక్కుతారు, తలుపు చేస్తారు, వంట చేసుకుంటారు. ఎవరినీ పేరు పెట్టి పిలిచి పని చెప్పడానికి మాత్రం లేదు. పని చెబితే, ఖాళీగా ఉన్నవాళ్ళలో ఎవరు దగ్గరుంటే వాళ్ళు వెళ్ళి చేస్తారు. ఆటలో ఏడాది తిరిగి పంట ఇంటికి వచ్చేసరికి కొండ వెనక నుంచి దండు దిగుతుంది. కోట పట్టుకుంటుంది. దండును ఆపడమే ఆట.

పేర్లు ఆమె పెట్టుకోవచ్చు. అర్జీలు టైపు చేయించుకున్న వాళ్ళ పేర్లే పెట్టింది. సోమలమ్మ, మత్స్యలింగం, కామమ్మ. పింఛన్ల కోసం, ఇంటి స్థలాల కోసం ఎండలో వచ్చి, వేలిముద్ర వేసి, మళ్ళీ కనిపించని మనుషులు. ‘నాకు సొంత ఇల్లు లేదు’ అన్న వాక్యం ఆమె వేళ్ళకు అక్షరాలు చూడకుండానే వచ్చేసేది. అందుకని కోటలో ఒక్కొక్కరికీ ఒక గది తొలిపించింది. గదికో మంచం. మంచం కన్నా ముందు తలుపు.

నాన్న వరదానాన్నీ, అమ్మ సువర్ణమ్మనీ కూడా కోటలోకి తెచ్చుకుంది. అమ్మ వంటపనిలో కుదురుకుంది. నాన్నకు ఆటలో కూడా ఏ పనితనమూ అబ్బలేదు. రాళ్ళు మోసేవాడు. మోస్తూ మోస్తూ అందరికన్నా వెనకబడేవాడు.

ఇది నాలుగో కోట. మొదటిదానికి ఆకాశమంత గోడ కట్టింది. గోడ బయట పుట్టగొడుగులు ఏరుకునేవాళ్ళను దండు ఏరేసింది. రెండోదానికి గుమ్మం ముందు ఈటెలు దిగేసిన గోతులు తీయించింది. ముందొచ్చినవాళ్ళు గోతుల్లో పడి నిండిపోతే, వెనకవాళ్ళు వాళ్ళ మీదుగా నడిచి వచ్చేశారు. మూడోదానికి వంతెన ఎత్తేసి తలుపులన్నీ బిగించుకుంది. దండు బయట కూర్చుంది. అంతే, కూర్చుంది. లోపలివాళ్ళకు కర్ర అయిపోయింది, మంచాలు అయిపోయాయి, ఒకళ్ళనొకళ్ళు కొట్టుకోవడం మొదలుపెట్టారు. ఆ కోటను ఆమె తన చేతులతోనే చెరిపేసింది.

ఆ రోజు ఇంటికి నడుస్తూ ఆలోచించింది. గుమ్మం పగలగొట్టుకుని వచ్చినవాణ్ణి తన జీవితంలో ఒక్కణ్ణి కూడా చూడలేదు. చిన్నాన్న ప్రభుకుమార్ తొంభై నాలుగులో కోటవురట్ల నుంచి వచ్చినప్పుడు చేతిలో జీడిపప్పు పొట్లం, పక్కన పదేళ్ళ కొడుకు కిరణ్ బాబు. “పని దొరికేదాకా రెండు నెల్లు అన్నయ్యా” అన్నాడు. నాన్న మిషన్ హైస్కూల్లో గంట కొట్టే అటెండరు. చర్చి వెనక వీధిలో పైసా పైసా కూడేసి రెండు గదుల పెంకుటిల్లు కట్టుకున్నాడు. తనే గేటు తీసి, తమ్ముడి ట్రంకుపెట్టె తనే మోసుకొచ్చి ముందు గదిలో పెట్టాడు. “మనోలే కదమ్మా” అన్నాడు అమ్మతో. ముందు గది వాళ్ళదయింది. తరవాత వంటిల్లు. నాన్న పోయిన ఏడాది పెరటి వసారా కూడా మూసి కట్టుకున్నారు. అమ్మా ఆమే వెనక గదిలోకి సర్దుకున్నారు. ఎవరూ ఎవరినీ ఒక్క మాట అనలేదు. అమ్మ పోయేటప్పుడు కూడా, వంటింట్లోకి వెళ్ళి గ్లాసుడు వేడినీళ్ళు తేవడానికి రాచెల్ “పిన్నీ, రావచ్చునా” అని అడిగి వెళ్ళింది.

కాబట్టి నాలుగో కోటకు గుమ్మం తెరిచి పెట్టింది.

ఏటి మీద వంతెన, వంతెన దాటగానే గుమ్మం, గుమ్మంలోంచి కొండలోకి నున్నగా చెక్కిన వెడల్పాటి దారి. దారి చివర, దూరం నుంచే కనిపించేట్టు, పెద్ద హాలు. అందులో కోటలోకెల్లా మంచి కుర్చీలు, మంచి బల్లలు. వచ్చేవాడికి కావలసింది ఎదురుగా కనిపించాలి. కానీ దారి తిన్నగా పోదు. వంపు తిరుగుతుంది, మళ్ళీ తిరుగుతుంది, ప్రతి వంపుకీ కొంచెం కిందికి దిగుతుంది. హాలు ముందు రెండో వంతెన. దండంతా దారిలోకి వచ్చాక ఇటు వంతెనా అటు వంతెనా ఒకేసారి లేస్తాయి. అప్పుడు ఏటి గట్టు లోపలున్న తలుపు తీస్తే నీళ్ళు ఆ దారంతా నిండుతాయి. దీన్ని తవ్వించడానికి ఆమెకు ఏడాదికి పైగా పట్టింది. ఒక అర్జీకీ ఇంకో అర్జీకీ మధ్య, ఒక జెరాక్సుకీ ఇంకో జెరాక్సుకీ మధ్య, కాస్త కాస్తగా.

ఒక్క లోపం మిగిలిపోయింది. బయటి వంతెనను ఎత్తే మీట లోపలి గదిలో ఉండాలి. అక్కడ తవ్వితే ఏటి నీరు ఊరింది. ప్రస్తుతానికి అనుకుని దాన్ని వంతెనకు అవతలి ఒడ్డున, రాతి గూట్లో పెట్టించింది. ఇంకోవైపు నుంచి గది తొలిపించి లోపలికి మార్చాలనుకుంది. మార్చేలోపే వ్యాను వచ్చే రోజు వచ్చేసింది.

పొద్దున ఒకే ఒక్కరు వచ్చారు. అప్పాయమ్మ అని రోలుగుంట వైపు ముసలామె, పింఛను అర్జీకి. ప్రింటరు ఇంకా మూట కట్టలేదు కాబట్టి రాచెల్ టైపు చేసి ఇచ్చింది.

“ఈపాలైనా వస్తాదేటమ్మా?”

“ఆఫీసోళ్ళని వదలకు మామ్మా. రోజూ ఎల్లి కూకో. నిన్ను సూసి సూసి ఆళ్ళకే ఇసుగు రావాల.”

ముసలామె నవ్వి కాగితం జాకెట్లో దోపుకుని వెళ్ళిపోయింది. రాచెల్ తెర వైపు తిరిగేసరికి అడుగున ఎర్ర అక్షరాలు మెరుస్తున్నాయి. కొండ మలుపులో దండు కనిపించింది.

అంత పెద్ద దండును ఆమె ఇంతకుముందు చూడలేదు. చీమల బారులా దిగుతోంది. ఆట ఆపి, చేతులు ఒళ్ళో పెట్టుకుని, కాసేపు ఊరికే చూసింది.

వ్యాను అనుకున్నదానికన్నా ముందే వచ్చింది. డ్రైవరు అప్పలకొండ లోపలికి వచ్చి సిస్టంలు లెక్కపెట్టుకుంటూ ఒకటో నంబరు వైర్లు పీకడం మొదలుపెట్టాడు. వెనకే సూర్యప్రకాష్ గారు, వడ్రంగి తాతబ్బాయి వచ్చారు. సిస్టంలు తీశాక లోపలి గదిని విప్పి షాపంతా ఒకటి చెయ్యాలి.

“మూడో నంబరు ఇప్పుడు ఇవ్వనండి” అంది రాచెల్, తల తిప్పకుండా.

“ఏటీ?”

“దండొచ్చిందండి. ఇది తేలేదాకా ఇవ్వను.”

సూర్యప్రకాష్ గారు నవ్వారు. ఆమె నవ్వకపోవడం చూసి ఆపేశారు. ఇన్నేళ్ళలో ఆమె నోట ‘ఇవ్వను’ అన్న మాట ఆయన వినలేదు.

“ఆటండీ అది రాచెల్ గారూ. కావాలంటే సీడీలో ఎక్కించుకోండి.”

“ఎక్కించుకుని ఎక్కడ ఆడనండి? మా ఇంట్లో సిస్టముందా?” ఆమె లేచింది. “పాయకరావుపేట ఆయనెలాగూ అన్నీ చెరిపేసి వాడుకుంటాడు. చెరుపుకోనీండి. ఒక్కపాలి ఈ ఉచ్చు పనిచేస్తాదో లేదో నాను సూడాలి. మీరు కాసేపు బయట టీ తాగండి.”

ఆమె మాటలో కోపం లేదు. ఆయన మిగతా ఇద్దరికీ సైగ చేశారు. ముగ్గురూ బయటికి నడిచారు. రాచెల్ షట్టరు కొక్కెం పట్టుకుని మోకాలెత్తు దాకా కిందికి లాగి, దాని కింద స్టూలు అడ్డం పెట్టింది. ఇప్పుడు రోడ్డు మొత్తంలో ఆమెకు కనిపించేవి పాదాలు. సూర్యప్రకాష్ గారి నల్ల చెప్పులు అటూ ఇటూ తిరుగుతున్నాయి. అప్పలకొండ ఉత్త కాళ్ళు వ్యాను చక్రం పక్కన గొంతుక్కూర్చున్నాయి.

“ఏటయ్యిందండీ లోపల?” అని జోగులమ్మ గొంతు.

“యుద్ధం” అన్నారు సూర్యప్రకాష్ గారు.

కాసేపటికి షట్టరు కింద నుంచి జోగులమ్మ చెయ్యొకటి వచ్చి టీ గ్లాసు నేల మీద పెట్టింది. “తాగి సెయ్యమ్మా. ఉట్టి కడుపుతో యుద్ధాలు సెయ్యకూడదు.”

రాచెల్ కోట మనుషులందరినీ లోపలికి రమ్మని ఆజ్ఞ పెట్టింది. మత్స్యలింగం పలుగు భుజాన వేసుకుని వచ్చాడు. సోమలమ్మ మేకను లాక్కుంటూ వచ్చింది. దండు ముందువరస ఏటి ఒడ్డుకు చేరి, తెరిచి ఉన్న గుమ్మాన్ని చూసి ఆగింది.

అప్పుడే కరెంటు పోయింది.

పైన ఫ్యాను నెమ్మదించి నిలిచిపోయింది. బల్ల కింద యూపీఎస్ కీచుమంది. దాని బ్యాటరీ పాతది, అన్ని సిస్టంలనూ మోస్తే నిమిషాల్లో ఆరిపోతుంది. రాచెల్ చీకట్లోనే వంగి రెండు, నాలుగు, మిగతా అన్నిటి ప్లగ్గులూ పీకేసింది. ఉన్న కరెంటంతా మూడో నంబరుకే వదిలింది. చెమట కళ్ళలోకి కారుతుంటే కొంగుతో తుడుచుకుని మళ్ళీ కూర్చుంది.

షట్టరు దగ్గర ఇంకో జత పాదాలు వచ్చి ఆగాయి. గోధుమరంగు శాండిళ్ళు, తెల్లటి సాక్సు. ఆదివారం తప్ప వేసుకోని శాండిళ్ళు.

“రాసేలూ, లోపలున్నావా? నానమ్మా, సిన్నాన్నని.”

ఆమె వేళ్ళు ఒక్క క్షణం ఆగాయి. దండు ముందువరస వంతెన ఎక్కింది.

“స్టూలు జరిపి రండి సిన్నానా” అంది.

ప్రభుకుమార్ వంగి, ఆయాసపడుతూ లోపలికి దూరాడు. బొద్దుగా, నున్నగా గీసిన గడ్డంతో ఉంటాడు. చర్చిలో పెద్దల బల్ల మీద కూర్చుంటాడు. చీకట్లో తడుముకుంటూ ఆమె పక్క కుర్చీలో కూర్చున్నాడు.

“పనెలాగూ పోతన్నాది కదా. అదే మాటాడదామని. రోలుగుంట హాస్టల్లో వంటమనిసి కావాలంటన్నారు. తిండి, మంచం అన్నీ ఆళ్ళవే. కిరణ్ బాబుకి పెళ్ళి కుదిరింది కదమ్మా. కొత్త పెళ్ళికూతురు వస్తాది. ఆ ఎనక గది...”

“ఊఁ” అంది రాచెల్. దండు మొదటి వంపు తిరిగింది. వాళ్ళ నాయకుడు ముందున్నాడు. హాల్లో కుర్చీలు అతనికి కనిపించినట్టున్నాయి, నడక పెంచాడు.

“రేపే ఒకపాలి ఎల్లొద్దాం. నాను తీసుకెల్తాను. నీ మంచికే సెప్తన్నాను. ఒక్కదానివీ ఆ గదిలో ఏటి సేస్తావు?”

“నా మంచికే సెప్తారు సిన్నానా, మా నాన్నా అదే అనీవోడు.” ఆమె గొంతు మెత్తగా ఉంది. “నాకు తెలీక అడుగుతాను, ఆ ఇల్లు ఎవరు కట్టేరు?”

“మీ నానే. ఎవరు కాదన్నారు?”

“మీరేటైనా పెట్టేరా అందులో?”

“నా దగ్గరేటుండీది అప్పుడు? అన్నయ్య దేవుడు. ఉన్న ఇంట్లో నాకింత సోటిచ్చేడు. ఆ మాట నాను సంఘంలో కూడా సెప్తాను.” ఆయన గొంతు తనకు తెలియకుండానే చర్చిలో సాక్ష్యం చెప్పే గొంతయింది. బయట పాదాల కదలిక ఆగిపోయింది. సూర్యప్రకాష్ గారి చెప్పులు, అప్పలకొండ పాదాలు, జోగులమ్మ మట్టెలున్న వేళ్ళు షట్టరుకు దగ్గరగా వచ్చాయి.

“అయితే ఆ ఇల్లు మా నాన్నదే.”

“ముమ్మాటికీ.”

“నాన్న తరవాత అమ్మది. అమ్మ తరవాత నాది.”

ప్రభుకుమార్ కుర్చీ వెనక్కి జరిపాడు. రాచెల్ తెర మీంచి చూపు తిప్పి మొదటిసారి ఆయన ముఖంలోకి చూసింది. “మరి నాను రోలుగుంట ఎందుకెల్లాలి సిన్నానా? కొత్త కోడలికి గది కావాలంటే కొడుకుని ఏరే ఇల్లు సూసుకోమనండి. ఎనక గది నాను ఇవ్వను. ముందు గదిలో మీరుండండి, ఉండొద్దని నాననడం లేదు. కానీ అది మీరున్న గది. మీ గది కాదు.”

“రాసేలూ!”

“అడిగిందానికి సెప్పండి బాబూ” అంది బయట నుంచి జోగులమ్మ. “మేఁవందరం ఇంటన్నాం.”

ప్రభుకుమార్ షట్టరు వైపు చూశాడు. ఆ పాదాలన్నీ అప్పుడే కనిపించాయి ఆయనకు. లేచి గబగబా నడిచి, వంగడం చాలక షట్టరు అంచుకు తల కొట్టుకున్నాడు. రేకు దభీమని మోగింది. ఎవరూ నవ్వలేదు. శాండిళ్ళు కాంప్లెక్సు వైపు వడివడిగా వెళ్ళిపోయాయి.

యూపీఎస్ కీచుమనడం దగ్గర దగ్గరగా వస్తోంది.

దండు రెండో వంపూ దాటింది. నాయకుడు హాలు ముందరి వంతెనకు దగ్గరవుతున్నాడు. కానీ వెనక కొందరు ఇంకా అవతలి ఒడ్డునే నిలబడి ఉన్నారు. వాళ్ళూ లోపలికి రావాలి. వాళ్ళు వచ్చాకే మీట ఎత్తాలి. రాచెల్ ఆగింది. వాళ్ళు కదల్లేదు. ఇంకొంచెం ఆగితే ముందున్నవాడు రెండో వంతెన ఎక్కేస్తాడు. హాలు వెనకే వరసగా గదులున్నాయి, తలుపుల గదులు.

ఆమె మీట ఎత్తమని ఆజ్ఞ పెట్టింది.

ఎవరు వెళతారో, బయటి గూటి దాకా చేరతారో లేదో ఆమె చేతిలో లేదు. అందరూ లోపలే ఉన్నారనుకుంది. కానీ ఒక మనిషి ఏటి ఒడ్డున, పొదల చాటున, భుజాన రాయితో అప్పుడే వస్తున్నాడు. ఎప్పటిలాగే వెనకబడిపోయాడు. దండంతా అతణ్ణి చూడకుండా దాటిపోయింది. అతను రాయిని కింద పెట్టాడు. గూటి వైపు నడిచాడు. ఆమె మౌసు బాణాన్ని అతని మీదికి జరిపింది. వరదానం.

ఆజ్ఞ వెనక్కి తీసుకోవచ్చు. కీబోర్డు మీద ఒక్క బటను నొక్కితే చాలు. వేలు దాని మీదికి వెళ్ళింది. రెండో వంతెన మీద నాయకుడు మొదటి అడుగు వేశాడు.

“నానా” అంది రాచెల్. వేలు పక్కకు తీసేసుకుంది.

వరదానం గూట్లోకి వెళ్ళి మీట ఎత్తాడు. వంతెన లేచింది. తమ్ముడికి గేటు తీసినంత నెమ్మదిగానే ఆ మనిషి ఆ పనీ చేశాడు. అవతలి ఒడ్డున మిగిలిపోయినవాళ్ళు గూటి వైపు తిరిగారు. ఆ గూడు చాలా చిన్నది. పెద్దగా ఏమీ జరగలేదు. అతని గుర్తు రెండుసార్లు మినుకుమని ఆరిపోయింది. కింద ఒక వరుస వచ్చింది, పేరుతో సహా. అది చదువుతూనే ఆమె రెండో వంతెన ఎత్తించింది. నాయకుడు దాంతోపాటు విసిరినట్టయి దారిలో పడ్డాడు. ఏటి తలుపు తీయించింది.

నీళ్ళు నీలంగా మొదటి వంపులోకి వచ్చాయి. తరవాత రెండో వంపు. దండు అటు పరుగెత్తింది, ఇటు పరుగెత్తింది. రెండు చివరలా గోడలా లేచిన వంతెన రాయి. హాల్లో సువర్ణమ్మ కుండ కింద పెట్టి నిలబడింది. సోమలమ్మ మేక పక్కన కూర్చుంది. ఒక్క తలుపు కూడా విరగలేదు. అవతలి ఒడ్డున మిగిలిన ఆ కొద్దిమంది లేచిపోయిన వంతెన ముందు కాసేపు నిలబడి, కొండ వెనక్కి వెళ్ళిపోయారు.

రాచెల్ వెనక్కి ఆనుకుంది. ఏడవలేదు. చల్లారిపోయిన టీ ఒక్క గుక్కలో తాగేసింది.

యూపీఎస్ పూర్తిగా ఆరిపోయేలోపు కోటను సేవ్ చేసింది, ఎవరి కోసమని అనుకోకుండా. సిస్టంను పద్ధతిగా ఆపింది. షట్టరు పైకెత్తింది. ఎండ ఒక్కసారిగా లోపలికి పడింది.

“నిలబడిందా?” అని అడిగారు సూర్యప్రకాష్ గారు.

“నిలబడిందండి.”

మూడో నంబరు వైర్లు ఆమే విప్పి, చుట్టలు చుట్టి, మానిటరును దుప్పటిలో పెట్టి, వ్యాను దాకా మోసుకెళ్ళి అప్పలకొండ చేతికి ఇచ్చింది. లోపల తాతబ్బాయి సుత్తి చప్పుడు మొదలయింది. గది తలుపు ఊడదీసి గోడకు ఆనించాడు. మంచి టేకు చట్రం, నిండు తలుపు, గడియ కూడా గట్టిదే.

“దాన్నేం చేస్తారండి?” అంది రాచెల్.

“ఏటి సేస్తాం, పాత సామానోడికే. కావాలాండి మీకు?” అన్నాడు తాతబ్బాయి.

“కావాలి. ఇంటికి తెచ్చి బిగించి ఇవ్వాలి. ఇయ్యాలే.”

వ్యాను ఎలాగూ ఆ వీధి మీదుగానే పోవాలి. అప్పలకొండ తలుపును సిస్టంల మీద పడుకోబెట్టి తాళ్ళతో కట్టాడు. ఆమె ముందు సీట్లో కూర్చుంది, తాతబ్బాయి పనిముట్ల సంచితో వెనక ఎక్కాడు. చర్చి వెనక సందులో తలుపు దించి, వ్యాను పాయకరావుపేట వైపు వెళ్ళిపోయింది. మలుపు తిరిగేదాకా దాన్ని చూసి, ఆమె లోపలికి నడిచింది.

ముందు గదికీ వెనక గదికీ మధ్య ఇన్నాళ్ళూ ఒక చీర తెర వేలాడుతుండేది. తాతబ్బాయి దాన్ని మేకుతో సహా పీకి, గోడకు రంధ్రాలు కొట్టి, ఎండ తగ్గకముందే చట్రం నిలబెట్టాడు. అవతలి వైపు పిన్ని దుమ్ము పడకుండా తన సామాను పక్కకు జరుపుకుంది. ప్రభుకుమార్ నుదుట చిన్న బొప్పితో వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

“ఏటిది రాసేలూ? ఒక ఇంట్లో మనిసికీ మనిసికీ మజ్జిని తలుపేటి?”

“ఇంట్లోనే తలుపులుంటాయి సిన్నానా. రోడ్డు మీద ఉండవు.”

ఆయన ఇంకా ఏదో అనబోయాడు. తాతబ్బాయి “కొంచెం ఎనక్కి జరగండి బాబూ” అని తలుపు మూసి, సరిగ్గా పడుతోందో లేదో చూశాడు. పడింది. లోపలి నుంచి గడియ వేసి చూపించాడు. రాచెల్ తనే ఒకసారి తీసి వేసింది, మళ్ళీ తీసి వేసింది. తాతబ్బాయిని పెరటి దారిన పంపించి, ఆ దారి కూడా మూసి, మంచం మీద కూర్చుంది. అవతల గొంతులు ఏదో గొణుక్కున్నాయి. కాసేపటికి అవీ సద్దుమణిగాయి. రేపు పని కోసం ఎక్కడెక్కడ అడగాలో ఆలోచించుకుంటూ ఆమె స్టవ్ వెలిగించి అన్నం ఎసరు పెట్టుకుంది.

అప్పుడు చూసింది. సాయంత్రాలు పెరటి గాలికని ప్రభుకుమార్ తెచ్చి ఇక్కడ వేసుకునే ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ, తన చెక్కచేతి మీద కాదు, ప్లాస్టిక్ చేతి మీద బీడీ కాలిన మచ్చతో, అడగడానికి ఎవరూ రాకుండా, గడియకు ఇవతల ఆమె గదిలోనే ఉండిపోయింది.